హెచ్‌ఐవీ పరీక్షకు సిగ్గెందుకు?



పొదుపు గురించి, లోన్ల గురించి అక్కలు చెప్పినారు. నేను హెచ్‌ఐవీ గురించి నాలుగు మాటలు చెప్తాను. ఆ పేరు వింటానే కొందరు తల దించుకుంటారు. దించుకోవాల్సిన పని లేదు, ఇది మన ఇంటి ఆరోగ్యం మాట.

మన దేశంలో ఇది 1986లో మద్రాసులో మొదటిసారి బయటపడింది. 2021 లెక్కల ప్రకారం దేశంలో దాదాపు 24 లక్షల మందికి ఉంది. వాళ్లలో 3 లక్షల మందికి పైగా మన ఆంధ్రప్రదేశ్ వాళ్లే. దేశంలో పెద్దవాళ్లు వెయ్యి మందిలో ఇద్దరికి ఉంటే, మన రాష్ట్రంలో ఆరేడు మందికి ఉంది. 2010తో చూస్తే 2021కి కొత్తగా సోకేవాళ్లు దేశంలో సుమారు సగానికి తగ్గినారు. మంచిదే, కానీ తగ్గింది కదా అని ఊరుకోకూడదు.

ఇది ఎట్లా వస్తుంది? ఉన్నవాళ్లతో కండోం లేకుండా కలిస్తే వస్తుంది. మన పక్క ఎక్కువగా వచ్చేది ఇట్లానే. ఒకరికి వాడిన సూది ఇంకొకరికి వాడినా, పరీక్ష చేయని రక్తం ఎక్కించినా వస్తుంది. తల్లి నుంచి కడుపులో బిడ్డకు, కాన్పులో, చనుబాల వల్ల కూడా రావచ్చు. దోమ కుడితే రాదు. ఒకే తట్టలో తిన్నా రాదు. ఆమె ఎంచిన పొదుపు డబ్బులు మనం ముట్టుకున్నా రాదు.

మన మగవాళ్లు బెంగుళూరుకు, చెన్నైకి పనికి పోతారు, లారీల మీద పోతారు. అందరినీ అనుమానించమని నేను చెప్పడం లేదు. అయితే మొగుడు తప్ప ఇంకొకరు తెలియని ఆడమనిషికి కూడా ఇది వస్తుంది. అందుకే జబ్బును చూసి ఎవరి నడతనూ అనకూడదు.

2004 ఏప్రిల్ నుంచి ప్రభుత్వం ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇస్తోంది. రోజూ తప్పకుండా వేసుకుంటే అందరి మాదిరే బతకొచ్చు, పని చేసుకోవచ్చు. క్రిమి పరీక్షలో కనపడనంతగా తగ్గి, అట్లానే ఉంటే, కలయిక వల్ల భాగస్వామికి సోకదు. బాగైంది కదా అని మానేస్తే మళ్లీ పెరుగుతుంది. గర్భిణికి ముందే తెలిసి మందులు వాడితే, నూటికి తొంభై అయిదు మందికి పైగా బిడ్డలు జబ్బు లేకుండా పుడతారు. అందుకే కడుపుతో ఉన్న ప్రతి ఒక్కరూ మొదటి నెలల్లోనే పరీక్ష చేయించుకోవాలి, మొగుణ్ణి కూడా పిలుచుకొని పోవాలి. ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్ష ఉచితం, ఫలితం గుట్టుగా పెడతారు. ఏ సందేహమున్నా 1097కు ఫోన్ చేయండి, డబ్బు పడదు.

మందు ఉండి కూడా మనుషులు ఎందుకు పోతున్నారంటే, ఊరికి తెలుస్తుందని భయపడి పరీక్షకు పోరు. ఆ భయం పెట్టేది మన నోళ్లే కదక్కా! 2017లో వచ్చిన చట్టం ప్రకారం ఒకరి జబ్బు సంగతి వాళ్ల ఒప్పుదల లేకుండా బయట పెట్టకూడదు, జబ్బు ఉందని పనిలో నుంచి తీసేయకూడదు.

కాబట్టి ప్రతి సంఘమూ వచ్చే మీటింగులో తీర్మానం రాసుకుందాం. జబ్బు ఉందని ఏ సభ్యురాలినీ సంఘం నుంచి తీసేయము, లోను ఆపము, ఆమె మాట బయట చెప్పము. పరీక్షకు పోవాలంటే ఒక చెల్లెలికి తోడుగా ఇంకొక అక్క పోతుంది.