ప్రతిపాదనల ప్రతులు దాచుకోవద్దు

(న్యాయ సహాయ స్వచ్ఛంద సంస్థల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాల్లో పేదలకు న్యాయ సహాయం అందిస్తున్న మీ అందరినీ మేము కోరేది ఒక్కటే. నిధుల కోసం మీరు రాసిన ప్రాజెక్టు ప్రతిపాదనల ప్రతులను ఒకరికొకరు ఇచ్చుకోండి.

ప్రభుత్వ కార్యాలయాల్లో కొత్త విషయం ఏది వచ్చినా గుమాస్తాలమైన మేము ముందు పాత ఫైలు వెతికేవాళ్లం. లోగడ ఏమి రాశారో చూసి నోటు పెట్టేవాళ్లం. దాన్ని ఎవరూ దొంగతనం అనలేదు. స్వచ్ఛంద సంస్థల్లో మాత్రం ప్రతిపాదనను నగల పెట్టెలా దాస్తారు. బస్తీలో ఏళ్ల తరబడి పనిచేసిన సంస్థ కూడా 'ఆశించే ఫలితాలు' అన్న శీర్షిక దగ్గర కలం ఆగిపోయి గడువు దాటబెట్టుకుంటున్నది.

మన ప్రతిపాదనల్లో తరచు కనిపించే వాక్యం 'ఇక్కడి మైనారిటీలు వెనుకబడి ఉన్నారు' అన్నది. అది నిజమే కావచ్చు గాని దానితో పని జరగదు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్‌లో మైనారిటీ అన్న వర్గం లేదు. స్త్రీలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు, నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయవాది లభిస్తారు. ఆ వర్గాల్లోకి రాని ముస్లిం కూలీ ఆదాయ పరిమితి లోపల ఉన్నట్టు చూపాలి. అందుచేత ఎందరికి ఆదాయ ధ్రువపత్రం ఇప్పిస్తాం, మీసేవకు వెంట ఎవరు వెళ్తారు, తన హక్కు తెలియని ఎందరు స్త్రీలను న్యాయ సేవాధికార సంస్థ గడప ఎక్కిస్తాం అని రాసిన ప్రతిపాదనకు బలం ఉంటుంది. అటువంటిది ఒక్కటి చేతికందితే పది సంస్థలు నేర్చుకుంటాయి.

2020లో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించాక ఆ సొమ్మును మరొక సంస్థకు బదిలీ చేయరాదు. పరిపాలనా ఖర్చుల పరిమితి కూడా 50 శాతం నుంచి 20కి దిగింది. పెద్ద సంస్థ చిన్న సంస్థకు అందులోంచి డబ్బు ఇవ్వలేదు. కాగితం ఇవ్వవచ్చు.

అయితే కక్షిదారుల పేర్లు, కేసు నంబర్లు, చిరునామాలు తీసేసి ఇవ్వండి. విడాకుల కేసులో వీధి పేరు ఒక్కటి మిగిలినా చాలు, ఆమె ఎవరో బస్తీ అంతా పోల్చుకుంటుంది. తీసుకున్నవారు ఊరి పేరు మాత్రమే మార్చి పంపవద్దు. నిధులిచ్చేవారు అంత అమాయకులు కారు!

తిరస్కరణకు గురైన ప్రతిపాదనలు మరీ విలువైనవి. కారణం చెప్పి ఉంటే ఆ ఉత్తరం కూడా జతచేయండి. వచ్చే సమావేశానికి ప్రతి సంస్థ మంజూరైనది ఒకటి, తిరిగి వచ్చినది ఒకటి తేవాలి. ఇంగ్లీషు ప్రతికి ఒక పేజీ తెలుగు సారాంశం రాసి ఫైలు కట్టే పని మేము చూసుకుంటాం.