స్త్రీధనం ఎవరి ధనం?

(గోస్పాడులో మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"పుట్టింటివాళ్ళు పెట్టిన బంగారం ఎవరిది?" అని ఇందాక అడిగితే చాలామంది "మా ఆయనది" అన్నారు. ఒకామె "అత్త బీరువాలో ఉంది కాబట్టి అత్తదే" అంది. అందరం నవ్వాం. కానీ అది నవ్వి ఊరుకునే విషయం కాదు. అందుకే ఈ రోజు ఒక్క మాట గురించే చెబుతాను: స్త్రీధనం.

స్త్రీ, ధనం అనే రెండు సంస్కృత పదాలు కలిసి ఏర్పడిన మాట ఇది. మనుస్మృతి ఆరు రకాల స్త్రీధనాన్ని చెప్పింది. పెళ్ళిలో అగ్ని ఎదుట ఇచ్చినది, అత్తారింటికి సాగనంపేటప్పుడు ఇచ్చినది, ప్రేమతో ఇచ్చినది, తల్లి, తండ్రి, అన్నదమ్ములు ఇచ్చినవి. అదే గ్రంథం ఇంకోచోట భార్యకు సొంత ఆస్తి లేదని, ఆమె సంపాదన భర్తదేనని అంటుంది! కాత్యాయనుడు స్త్రీ చేతిపనితో సంపాదించిన దాని మీద కూడా పెత్తనం భర్తకే ఇచ్చాడు. మన కూలి డబ్బులు మన చేతిలో నిలవనివ్వని ఆలోచన ఎంత పాతదో చూడండి.

తర్వాత విజ్ఞానేశ్వరుడు మితాక్షరలో, వారసత్వంగా వచ్చినదీ, కొనుక్కున్నదీ స్త్రీధనమే అన్నాడు. బ్రిటిష్ కాలంలో ప్రీవీ కౌన్సిల్ వారసత్వపు ఆస్తిని అందులోంచి తీసేసింది. దాంతో భర్త ఆస్తి వచ్చిన వితంతువుకు బతికినన్నాళ్ళు అనుభవించే హక్కే మిగిలింది. 1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ దీన్ని మార్చింది. పరిమిత హక్కు మాత్రమే అని వీలునామాలోనో దస్తావేజులోనో రాసి ఇచ్చినవి తప్ప, హిందూ స్త్రీ ఆస్తికి ఆమే పూర్తి యజమాని. ముస్లిం చెల్లెళ్ళకు మహర్ ఉంది. అదీ భార్య సొంత సొత్తే.

కట్నం వేరు. 1961 చట్టం ప్రకారం కట్నం ఇవ్వడం, పుచ్చుకోవడం, అడగడం అన్నీ నేరాలే. ఇతరులు పుచ్చుకున్నా, దాన్ని మూడు నెలల్లో ఆ అమ్మాయికి అప్పగించాలని 6వ సెక్షన్ చెబుతుంది.

మరి స్త్రీధనం అత్తింట్లో ఉంటే? 1985లో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. భర్త, అత్తమామలు దాన్ని దాచిపెట్టేవాళ్ళే గాని సొంతదారులు కారు. అడిగినా ఇవ్వకుండా కాజేస్తే నమ్మకద్రోహం నేరం.

2024 ఆగస్టులో తెలంగాణ నుంచి ఇంకో కేసు వచ్చింది. విడాకులు పొంది మళ్ళీ పెళ్ళి చేసుకున్న కూతురి స్త్రీధనం తిరిగివ్వలేదని, తండ్రి మాజీ అత్తింటివారి మీద కేసు పెట్టాడు. కూతురు ఆయనకు అధికారం ఇవ్వలేదు. సుప్రీంకోర్టు ఆ కేసు కొట్టేసింది. స్త్రీధనానికి ఏకైక యజమాని ఆ స్త్రీ. ఆమె ఇష్టం లేకుండా భర్తకే కాదు, కన్నతండ్రికీ హక్కు లేదు.

కాబట్టి పెళ్ళినాడే కానుకల జాబితా రాయించండి, ఇరువైపులా సంతకాలు తీసుకోండి. 1985 నిబంధనలు చెప్పేది ఇదే. రసీదులు, ఫోటోలు మీ దగ్గరే ఉంచుకోండి. సొమ్ము ఇవ్వకపోతే 2005 గృహహింస చట్టం కింద మేజిస్ట్రేటును అడగవచ్చు.

ఈసారి "ఎవరిది?" అని అడిగితే, "నాది" అనండి.