ద్రాక్షతీగెకు శీతకాలము

అందని ద్రాక్షపండ్లు పుల్లన అన్న నక్కకథ మనము చిన్ననాడే విన్నాము. అందిన పండ్లును పుల్లగా నుండుట, లేదా అసలు కాపే లేకుండుట కోస్తా జిల్లాలలో పెరటిలో ద్రాక్ష నాటిన పలువురి అనుభవము. లోపము తీగెలో లేదు. దాని స్వభావము మనము తెలిసికొనకపోవుటలో కలదు.

ద్రాక్ష చలికాలము గల సీమల తీగె. అక్కడ శీతకాలమున ఆకు రాల్చి నిద్రించును. వసంతమున మేల్కొని చివురుతోపాటు పూగుత్తిని వెలువరించును. మనయొద్ద దానికి నిద్రయే లేదు. ఏడాది పొడుగునను పచ్చగా నుండి, కొనమొగ్గలు మాత్రమే చిగిర్చి, పందిరినంతయు అల్లుకొనును. కాపు మాత్రము ఉండదు. కావున లేని శీతకాలమును మనమే కత్తెరతో కల్పింపవలెను.

ఈ కిటుకును చక్కగా అమలుపరచినవారు హైదరాబాదు ప్రాంతపు రైతులు. అనాబ్-ఎ-షాహి రకము అక్కడనే పేరు గాంచినది. నగరము పెరిగి ఆ తోటలలో పెక్కు ఇండ్లస్థలములైనవి. పద్ధతి మాత్రము నిలిచినది. ఏడాదికి రెండు కత్తిరింపులు, ఒక కాపు. ఏప్రిలులో కొమ్మకు ఒకటి రెండు కణుపులుంచి మిగిలినది కోయుదురు. ఇది పండుకొరకు కాదు, కొత్త రెమ్మకొరకు. ఆ రెమ్మల మొగ్గలలో రాబోవు పూత 40 మొదలు 60 దినములలో రూపొందును. అప్పుడు ఎండ బాగుగా తగులవలెను. రెండవ కత్తిరింపు అక్టోబరులో. ఈసారి రకమును బట్టి ఎక్కువ కణుపులు ఉంచుదురు. సుమారు 40 దినములకు పూత, ఫిబ్రవరి మార్చి నెలలకు పండ్లు.

ఈ పంచాంగమును మార్పు లేకుండ సముద్రతీరమునకు తెచ్చిన ఏమగునో మేము అనుభవముమీద తెలిసికొంటిమి. మా పెరటి తీగెను అక్టోబరు మొదటివారమున కత్తిరించితిమి. నవంబరులో పూత విరగబూసినది. ఇంతలో తుపాను ముసురు పట్టి నాలుగు దినములు వదలలేదు. ఆకులపై నూనె మరకలవంటి పసుపు మచ్చలు, వాని అడుగున తెల్లని బూజు. పూగుత్తులు మాడి రాలిపోయినవి. ఏడాది శ్రమ నాలుగు నాళ్లలో నేలపాలైనది. మరుసటి ఏడు ముసుర్లు వెనుకబట్టువరకు ఓపికపట్టి, నవంబరు చివరను కత్తెర పట్టితిమి. పూత జనవరి పొడివాతావరణమున విచ్చినది. ఏప్రిలులో పండ్లు కోసితిమి. కొద్ది గుత్తులే అయినను తియ్యనివి.

ఆ బూజుతెగులునకు మందు కనుగొన్న కథ వినదగినది. ఫ్రాన్సులో బోర్డో ప్రాంతమున దారిన పోవువారు పండ్లు కోసికొనకుండ, తోటవారు బాటప్రక్క తీగెలపై మైలుతుత్తము, సున్నము కలిపి చల్లెడివారు. తెగులు వ్యాపించినపుడు ఆ తీగెలే నిలిచినవి. మిల్లార్డే అను శాస్త్రజ్ఞుడు దీనిని గమనించి, 1885లో బోర్డో మిశ్రమమును లోకమునకు తెలిపెను.

పెరటికి 100 గ్రాముల మైలుతుత్తము, 100 గ్రాముల మంచి సున్నము, 10 లీటర్ల నీరు చాలును. రెంటిని వేర్వేరుగ సగము సగము నీటిలో కలిపి, పిదప మూడవ పాత్రలో ఒకటి చేయవలెను. ఇనుప పాత్ర పనికిరాదు. మెరుగుపెట్టిన చాకును ముంచినపుడు రాగిరంగు పట్టినచో సున్నము చాలలేదన్నమాట. మందును నాడే వాడవలెను. ఆకు అడుగునకూడ తడుపవలెను. పూత విచ్చినపుడు చల్లరాదు. ఇది తెగులు రాకుండ కాచునదే గాని, ముదిరినదానిని మాన్పునది కాదు. కావున వానకు ముందే చల్లవలెను. తీగె మొదట నీరు నిలువరాదు. పందిరిపై రెమ్మలను పలుచన చేసినచో తడి త్వరగా ఆరును.

పందిరి నిండ పచ్చదనమును కోయుటకు ఎవరికైనను చేయి రాదు. అయినను కోయనివారికి నీడయే దక్కును. కోయువారు సయితము కత్తెర పట్టుటకు ముందు ఒకమారు ఆకాశమువంక చూడవలెను.