బడి మానిన బిడ్డకు మరియొక ద్వారము
(గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మీ గ్రామమున వీధి దీపములెన్ని కలవో, చేతి పంపులెన్ని చెడిపోయినవో, ఇంటిపన్ను బకాయి ఎంత యున్నదో అడిగినచో మీరు తడుముకొనకుండ చెప్పగలరు. మీ పనియందు మీకు గల శ్రద్ధకు అది నిదర్శనము. నేడు మేము మరియొక లెక్క అడుగవచ్చితిమి. పదేండ్ల క్రిందట మీ యూరి బడిలో ఒకటవ తరగతిలో పేరు వ్రాయించుకొన్న పిల్లలెందరు? వారిలో పదవ తరగతి పరీక్షకు కూర్చున్నవారెందరు? ఉత్తీర్ణులైనవారెందరు? మిగిలినవారు ఇప్పుడెక్కడ నున్నారు?

ఈ లెక్క చెప్పుట కష్టము. బడి మానిన బిడ్డ పేరు హాజరుపట్టీనుండి తొలగిపోవును. ఊరి పుస్తకములలో మరి దేనిలోనికిని ఎక్కదు. పంట నష్టమైనచో ఊరంతయు చూచును. ఈ నష్టము ఆ యింటివారికి తప్ప మరియొకరికి కనబడదు.

బడి మానుట ఒక్కనాటి పని కాదు. పత్తి తీయు రోజులలో ఒక వారము పోవును. మిరప కోతలకు తల్లిదండ్రులు వలస పోవునపుడు రెండు నెలలు పోవును. తిరిగి వచ్చునప్పటికి పాఠములు ముందుకు సాగిపోయి యుండును. పంతులుగారడిగిన ప్రశ్నకు సమాధానము రాక బిడ్డ సిగ్గుపడి వెనుక వరుసలో కూర్చుండును. కొన్నాళ్లకు ఆ వరుసలోను కనబడడు. ఆడపిల్ల సంగతి వేరు. ఉన్నత పాఠశాల పొరుగూర నున్నచో, ఈడు వచ్చిన పిల్లను అంత దూరము పంపుటెట్లని పెద్దలు సందేహింతురు. ఆ సందేహము వెనుకనే పెండ్లి మాట వచ్చును. పదునెనిమిదేండ్లు నిండని బాలికకు వివాహము చేయుట 2006 నాటి బాల్య వివాహ నిషేధ చట్టము ప్రకారము నేరమని ఎరిగినవారును, చదువు ఆగిన పిల్లను ఇంట నుంచుకొనుటకు భయపడుచున్నారు.

ఒక గ్రామమున మాకు కలిగిన అనుభవము చెప్పెదము. సభ ముగియుచుండగా పొదుపు సంఘపు సభ్యురాలొకతె లేచి, “అయ్యా! మా అమ్మాయి పదిలో రెండు సబ్జెక్టులు తప్పినది. మరల అన్నియు వ్రాయవలెనా? ఎక్కడ కట్టవలెను? ఎప్పుడు కట్టవలెను?” అని అడిగినది. వేదికపై నున్న మాలో ఒక్కరును సరియైన సమాధానము చెప్పలేకపోయితిమి. తెలిసికొని చెప్పెదమంటిమి. తప్పిన సబ్జెక్టులకే తిరిగి పరీక్ష వ్రాయవచ్చుననియు, వెంటనే వచ్చు సప్లిమెంటరీ పరీక్షకు రుసుము కట్టిన చాలుననియు తెలిసికొని మేము వర్తమానము పంపునప్పటికి గడువు దాటిపోయినది. ఆ బాలిక తరువాత సార్వత్రిక విద్యాపీఠములో చేరినది. కాని మా ఆలస్యము వలన ఆమెకు ఒక యేడు పోయినది. నాటినుండి ఈ విషయము మాటలాడక మేము ఏ గ్రామమునుండియు తిరిగి రావడము లేదు.

చదువు మానిన పిల్లలకు నేడు మూడు మార్గములు కలవు. ఏ బిడ్డకు ఏది తగునో మీరెరిగి యుండవలెను.

మొదటిది, చిన్న పిల్లలను తిరిగి బడిలో చేర్చుట. రంగారెడ్డి జిల్లాలో మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ 1991లో ఈ పని ప్రారంభించినది. ఆచార్య శాంతా సిన్హా నాయకత్వమున కార్యకర్తలు ఊరూర తిరిగి, పనులలో నున్న పిల్లలను శిబిరములకు చేర్చి, కొన్ని నెలలు అక్కడనే ఉంచి చదువు చెప్పి, వయస్సుకు తగిన తరగతిలో ప్రభుత్వ పాఠశాలలందు చేర్పించిరి. బడిలో లేని ప్రతి బిడ్డయు బాల కార్మికుడేయని వారు భావించిరి. తల్లిదండ్రులను నిందింపక, ఊరివారిచేతనే ఒప్పించుట వారి పద్ధతి. ఈ సేవకుగాను శాంతా సిన్హాగారికి 2003లో రామన్ మెగసెసే పురస్కారము లభించినది. పదేండ్ల పిల్లను ఒకటవ తరగతి పిల్లల నడుమ కూర్చుండబెట్టినచో ఆమె నిలువదని ఆ శిబిరముల వారు గ్రహించిరి. 2009 నాటి విద్యాహక్కు చట్టమునందును ఇట్టి యేర్పాటు కలదు. బడి మానిన బిడ్డను వయస్సుకు తగిన తరగతిలో చేర్చుకొని ప్రత్యేక శిక్షణ నీయవలెనని అది విధించినది. వయస్సు ధ్రువపత్రము లేదనియు, బదిలీ పత్రము ఆలస్యమైనదనియు ఆరునుండి పదునాలుగేండ్ల బిడ్డను త్రిప్పి పంపరాదు.

రెండవది, ఆడపిల్లల వసతి విద్య. కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయముల పథకము 2004లో మొదలైనది. బడి మానిన బాలికలకును, అసలు బడి ముఖము చూడనివారికిని ఇందు ప్రాధాన్యము కలదు. తొలుత ఎనిమిదవ తరగతి వరకే యున్న ఈ పథకమును 2018లో ఆరంభమైన సమగ్ర శిక్ష క్రింద పండ్రెండవ తరగతి వరకు విస్తరింపజేయుటకు వీలు కల్పింపబడినది. పొరుగూరికి పంపుటకు వెరచు తల్లికి ఈ విద్యాలయమును ఒకసారి చూపినచో, మన మాటలు పదింటికంటె ఆ చూపు మేలు చేయును.

మూడవది, సార్వత్రిక విద్య. జనులు దీనినే ఓపెన్ స్కూలందురు. కేంద్ర మాధ్యమిక విద్యా మండలి 1979లో దీనిని ప్రయోగముగా ప్రారంభించినది. 1989లో జాతీయ సార్వత్రిక పాఠశాల ఏర్పడినది. 2002లో అది జాతీయ సార్వత్రిక విద్యా సంస్థయైనది. మన రాష్ట్రమున సార్వత్రిక విద్యాపీఠము 1991లో వెలసినది. అది 2008–09లో పదవ తరగతి కోర్సును, 2010–11లో ఇంటర్మీడియట్ కోర్సును ఆరంభించినది. 2014లో రాష్ట్ర విభజన జరిగిన పిమ్మట తెలంగాణమునకును ఇట్టి విద్యాపీఠము ప్రత్యేకముగా ఏర్పడినది.

దీని పద్ధతి సులభము. పదునాలుగేండ్లు నిండినవారు పదవ తరగతిలో చేరవచ్చును. పై వయస్సుకు పరిమితి లేదు. ప్రతిదినము బడికి పోనక్కరలేదు. పాఠ్యపుస్తకములు ఇత్తురు. దగ్గరి ఉన్నత పాఠశాలలోని అధ్యయన కేంద్రమున ఆదివారములందును, సెలవు దినములందును తరగతులు జరుగును. ఐదు సబ్జెక్టులలో ఉత్తీర్ణత పొందవలెను. కాని అన్నింటిని ఒకేసారి వ్రాయనక్కరలేదు. ఒకసారి పేరు నమోదైనచో ఐదేండ్ల కాలమున తొమ్మిది అవకాశములు లభించును. ఉత్తీర్ణమైన సబ్జెక్టు చేతిలో నిలిచియుండును. జాతీయ సంస్థలో చేరువారు వెనుక గుర్తింపు పొందిన బోర్డు పరీక్షలో నెగ్గిన రెండు సబ్జెక్టుల వరకు ఇచ్చట కలుపుకొనవచ్చును. కూలికి పోవు యువకునకును, బిడ్డ తల్లియైన యువతికిని ఇంతకంటె అనువైన మార్గము లేదు.

అయినను రెండు హెచ్చరికలు చేయుచున్నాము. సబ్జెక్టులను ఎన్నుకొను స్వేచ్ఛ యున్నదని లెక్కలకు వెరచి వాటిని విడిచినచో, రేపు పాలిటెక్నిక్‌లో చేరదలచునపుడు ద్వారము మూసికొనును. బిడ్డ ఏమి కాదలచినాడో ముందడిగి, పిదప దరఖాస్తు నింపవలెను. రెండవది, “ఇంత సొమ్ము ఇండు, చదువకున్నను గట్టెక్కించెదము” అను దళారులు పరీక్షల కాలమున తిరుగుదురు. వారి మాట నమ్మినవారు సొమ్మును, పరువును కూడ పోగొట్టుకొందురు. రుసుమును నిర్ణీత పద్ధతినే కట్టి రశీదు తీసికొనవలెను. మరియు బడిలో చదువుచున్న బిడ్డను, ఫలితముల శాతము తగ్గునను భయముతో, సార్వత్రిక విద్యకు నెట్టుట తగదు. అది బడి లేనివారికి ద్వారమేగాని, బడిలో నున్నవారిని వెలుపలికి పంపు ద్వారము కాదు.

ఇక మీరు చేయవలసిన పని. రాజ్యాంగపు పదునొకండవ షెడ్యూలులో పంచాయతీల విషయములందు ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలల విద్య చేరియున్నది. తమ పరిధిలోని పదునాలుగేండ్ల లోపు పిల్లల పట్టిక నుంచుట, వలస కుటుంబముల పిల్లలను బడిలో చేర్చుట స్థానిక సంస్థల విధులని విద్యాహక్కు చట్టము చెప్పుచున్నది. ఆ పట్టికను పదునెనిమిదేండ్ల వరకు పొడిగించుటకు ఏ చట్టమును అడ్డుపడదు. వార్డునకొక పుస్తకము పెట్టుడు. ప్రతి సభ్యుడును తన వార్డులోని ఇండ్లు తిరిగి, ఆరునుండి పదునెనిమిదేండ్లవారి పేర్లు, బడి, తరగతి వ్రాసికొనవలెను. పేరు ప్రక్కన బడి లేనిచోట కారణము వ్రాయవలెను. నెలకొకసారి ప్రధానోపాధ్యాయుని హాజరుపట్టీతో దానిని సరిచూచినచో, వారము దినములు కనబడని బిడ్డ యెవరో తెలియును. వారము దినములకే తలుపు తట్టినచో బిడ్డ తిరిగి వచ్చును. సంవత్సరము గడచిన పిమ్మట తట్టినచో కష్టము.

పదవ తరగతి ఫలితములు వచ్చిన మరునాడే తప్పినవారి ఇండ్లకు పోవుడు. సప్లిమెంటరీ రుసుము గడువును పంచాయతీ కార్యాలయపు గోడపై వ్రాయించుడు, దండోరా వేయించుడు. సార్వత్రిక విద్యాపీఠపు ప్రవేశముల ప్రకటన వెలువడినపుడును అట్లే చేయుడు. సాయంకాలమున కార్యాలయపు గదియొకటి తెరచి, దీపము వెలిగించి, చదువుకొనువారికి ఇచ్చినచో పెద్ద ఖర్చు లేదు. ఊరిలో డిగ్రీ చదివిన యువకులు, పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు కలరు. వారిలో ఒక్కరు లెక్కలును, ఒక్కరు ఆంగ్లమును చెప్పిన చాలును. ఆదివారపు తరగతులకు పోవు ఆడపిల్లలను ఒక గుంపుగా చేర్చి, పొదుపు సంఘపు పెద్ద ఒకరు తోడు పోవు ఏర్పాటు చేయుడు.

పదవ తరగతి తప్పిన బిడ్డను ఊరివారు “ఫెయిలయినవాడు” అని పిలుచుదురు. ఆ మాట బిడ్డ పేరై నిలిచిపోవును. దానిని మాన్పింపగలవారు మీరే. ఆ తల్లి మమ్మడిగిన ప్రశ్న రేపు మిమ్మును మరియొక తల్లి అడుగును. ఆనాడు సమాధానము మీ నోట సిద్ధముగా నుండవలెను. గడువునకు ముందే ఉండవలెను. మీరు ఇండ్లకు చేరగానే ఆ పుస్తకము మొదలిడుదురుగాక. మరుసటి సమావేశమున మేము మొదట అడుగునది ఆ పుస్తకమునే.