మేయరైన వకీలు: సత్యమూర్తి, పూండి జలాశయం

వకీళ్లు రాజకీయాల్లోకి రావడం మనకు కొత్త కాదు. అయితే వకీలు వృత్తి ఒక నగరానికి ఎలా అక్కరకొస్తుందని అడిగితే చాలామంది చెప్పే జవాబు వాగ్ధాటి. ఎస్. సత్యమూర్తి విషయంలో ఈ జవాబు మరీ సులువు. ఆయన నోరు విప్పితే సభ సభంతా చెవులు రిక్కించేదని ప్రతీతి. కానీ మద్రాసు మేయరుగా ఆయన చేసిన పనిని చూస్తే నగరానికి ఎక్కువ ఉపయోగపడింది వకీళ్లకుండే మరో అలవాటనిపిస్తుంది. ఎదుటివాడి అధికారాన్ని ఎండగడుతూనే, ఆ అధికారం చేతే తనకు కావలసిన ఉత్తర్వు రాయించుకోవడం ఆ అలవాటు. నా వాదన దీని గురించే.

1887లో పుదుక్కోట సంస్థానంలోని తిరుమయంలో పుట్టిన సత్యమూర్తి, మద్రాసులో న్యాయశాస్త్రం చదివి, ఎస్. శ్రీనివాస అయ్యంగారి దగ్గర జూనియరుగా పనిచేశారు. సహాయ నిరాకరణ తర్వాత శాసనసభల్లోకి వెళ్లాలా, వద్దా అన్న పెద్ద తగాదాలో వెళ్లాలన్న స్వరాజ్య పక్షం వైపు నిలిచారు. 1928లో తమిళ కవి భారతి గీతాలను బర్మా ప్రభుత్వం నిషేధించిందన్న సాకుతో మద్రాసు పోలీసులు పుస్తకాలు జప్తు చేశారు. మన గాడిచర్ల హరిసర్వోత్తమరావు దీన్ని మద్రాసు శాసనమండలిలో లేవనెత్తినప్పుడు సత్యమూర్తి ఆయనకు గట్టి బాసటగా మాట్లాడారు. దొరల సభలోనే దొరల పోలీసులను నిలదీయడమన్నమాట. ఈ పద్ధతిని ఆయన చివరిదాకా వదల్లేదు.

1939 చివర ఆయన మేయరయ్యేసరికి యుద్ధం మొదలైంది, కాంగ్రెసు మంత్రివర్గం రాజీనామా చేసింది, మద్రాసు నీళ్లకు కటకటలాడుతోంది. మేయరు పదవీకాలం అప్పట్లో ఒక్క ఏడాది. 1919 నాటి నగరపాలక చట్టం ప్రకారం కార్యనిర్వహణాధికారమంతా కమిషనరుది. మేయరుకు మిగిలేది అధ్యక్ష పీఠం, గౌరవం. నగరానికి నీరు కొసస్థలి నది మీది తామరపాక్కం ఆనకట్ట నుంచి కాలువ గుండా చోళవరం, ఎర్రకొండల చెరువులకు చేరి, అక్కడి నుంచి కీల్పాక్కు వచ్చేది. ఆనకట్ట నీటిని మళ్లించగలదే తప్ప దాచలేదు. ఈశాన్య రుతుపవనాల్లో నది పొంగితే కాలువ పట్టినంతే చెరువులకు దక్కేది. మిగతా వరద ఎన్నూరు దగ్గర సముద్రం పాలయ్యేది. ఆ వరదను ఎగువనే, పూండి దగ్గర, నిలపాలి. ఇందుకోసం సత్యమూర్తి ప్రభుత్వం వెంటపడ్డారు. 1940 ఆగస్టు 8న గవర్నరు ఆర్థర్ హోప్ చేత శంకుస్థాపన జరిగింది. సుమారు 65 లక్షల రూపాయల ఖర్చుతో 1944లో జలాశయం పూర్తయింది.

నా వాదనకు రెండు ఆక్షేపణలున్నాయి. తన కాంగ్రెసు పార్టీ మంత్రి పదవులు వదులుకున్న వేళ గవర్నరును పిలిచి రాయి వేయించడం లొంగుబాటు కాదా అన్నది మొదటిది. కానీ 1942లో అదే ప్రభుత్వం ఆయన్ను అమరావతి (బేరారు) జైలుకు పంపింది. వెన్నెముక దెబ్బతిని, జలాశయం నిండకముందే, 1943 మార్చి 28న ఆయన కన్నుమూశారు. లొంగిపోయినవాడి కథ ఇలా ముగియదు. ప్రతివాది చేత చెల్లింపు రాయించుకున్న వకీలు ప్రతివాది మనిషి అయిపోడు కదా! రెండోది కాస్త బరువైనది: డ్యాం కట్టింది ఇంజినీర్లు, మేయరు చేసిందేముంది? నిజమే, నక్షా ఆయన గీయలేదు. అయితే యుద్ధ సమయంలో, ఖజానా బిగిసిన రోజుల్లో, ఏడాది పదవిలో ఉన్న మనిషి ఒకే వ్యాజ్యాన్ని పట్టుకుని శంకుస్థాపన దాకా లాక్కొచ్చాడు. అధికారం లేని చోట పట్టుదల ఎంత పనిచేస్తుందో ఇక్కడ కనిపిస్తుంది.

పూండి నగర దాహాన్ని పూర్తిగా తీర్చలేదన్నదీ వాస్తవమే. వాన పడకపోతే అది బీడే. 1983లో ఎన్టీఆర్, ఎంజీఆర్ కుదుర్చుకున్న ఒప్పందంతో శ్రీశైలం నుంచి వెలుగోడు, సోమశిల, కండలేరు మీదుగా కృష్ణా జలాలు 1996లో పూండికే చేరాయి. సత్యమూర్తి పేరు పెట్టుకున్న ఆ జలాశయం లేకపోతే ఆ నీళ్లు దింపుకోవడానికి మరో చోటు వెతకాల్సి వచ్చేది. ఈలోగా మేయరు పదవి మాత్రం మరింత సన్నగిల్లింది. మద్రాసులో 1978లో, హైదరాబాదులో 1989లో నీటి సరఫరాను వేరే బోర్డులకు అప్పగించారు. నేటి మేయరు సత్యమూర్తి అంతటి మొండివాడైనా, ఇంటికొచ్చే నీళ్ల గురించి ఫిర్యాదు పట్టుకుని ముందుగా బోర్డు గడప తొక్కాల్సిందే. నగరం ఎన్నుకున్న సభకు ఈ అధికారాన్ని తిరిగి ఇవ్వడానికి గట్టిగా పూనుకున్న ప్రభుత్వం, మద్రాసులోనూ హైదరాబాదులోనూ, ఇంతవరకూ నా కంటపడలేదు.