పరదేశమునకు పోవువారు తెలియవలసిన ధర్మములు



ఈ రజతోత్సవసభలో నాకు తోచిన నాలుగు మాటలు మనవిచేసెదను. మన మంగినపూడికి చేరువనున్న బందరురేవున 1611లో ఆంగ్లవర్తకులు దిగిరి. 1632లో గోల్కొండ సుల్తానుచే తమ హక్కులను బంగారు ఫర్మానాగా వ్రాయించుకొనిరి. పరదేశమున నోటిమాటకన్న కాగితమే దిక్కని వారెరిగిరి. నేడు మనవారిలో పలువురు ఆ కాగితమునే చూడక ఓడయో విమానమో యెక్కుచున్నారు.

కువైటునకు ఇంటిపనికి పోవువారు కరారునామాను తెలిసినవారిచే చదివించుకొని, నకలును ఇంట నుంచవలయును. అచ్చటి 2015 నాటి 68వ చట్టము ప్రకారము పనివారి సమ్మతిలేక యజమాని పాస్‌పోర్టు ఉంచుకొనరాదు. దినమునకు 12 గంటలకు మించి పని చేయింపరాదు. వారమునకొక దినము సెలవీయవలయును. సందర్శకుల వీసాతో కొలువు చేయుట నేరము. ఏజెంటు మన 1983 నాటి వలసచట్టము క్రింద నమోదైనవాడా యని ముందే విచారింపుడు.

మన వంటింటి గసగసాలు దుబాయిలో నిషిద్ధములు. మూటలో పిడికెడున్నను చిక్కు తప్పదు. కొన్ని నొప్పిమాత్రలకును ముందు అనుమతి వలయును. ఆపదలో పిలువవలసిన సంఖ్య అమెరికాలో 911, కువైటులో 112.

చట్టము తెలియదనుట ఏ దేశమునను సమాధానము కానేరదు. ఇచ్చట పత్రికలు చదువుకొను మీరు, చదువురాని పొరుగువాని కరారునామాను గూడ చదివి చెప్పుదురుగాక! స్వస్తి.