చెట్టు విత్తునకును ఊరు కలదు
(నల్లమాడలో పంచాయతీ సభ్యులకొరకు చేసిన ప్రసంగ పాఠము)

పంచాయతీ సభ్యులారా,

1950లో వనమహోత్సవము మొదలైన నాటినుండి గ్రామములలో మొక్కలు నాటుచునే యున్నాము. అవి ఎండినచో నేలను, వానను నిందించుచున్నాము. విత్తనమెక్కడిదని అడుగువారు అరుదు. ఆ సంగతినే మేము నేడు తమకు మనవి చేయదలచితిమి.

చలిదేశముల అనుభవము దీనికి తార్కాణము. ఐరోపాలో ఒకే జాతి పైను చెట్టు స్పెయిను మొదలు స్వీడను వరకు పెరుగును. దక్షిణపు విత్తును ఉత్తరమున నాటినచో, ఆ మొక్క పెరుగుట ఆలస్యముగ మాని, లేతకొమ్మలతోనే మంచునకు చిక్కి మాడిపోవును. ఉత్తరపు చెట్టు రాత్రులు పొడవగుటను గుర్తించి, ముందుగనే పెరుగుట నిలిపి చలికి సిద్ధపడును. ఇది వంశపారంపర్యముగ వచ్చిన గుణము. చలికి తాళలేనివి తరతరములుగ నశింపగా, తాళినవే విత్తనమిచ్చినవి. ఈ గుణమును నడపునది ఒక్క జన్యువు కాదు. కెనడాలోని పైను, స్ప్రూసు చెట్లను పరిశీలించిన శాస్త్రజ్ఞులు, రెండు జాతులలోను శీతోష్ణములతో సంబంధముగల జన్యువులు 47 కనుగొంటిమని 2016లో ప్రకటించిరి.

నల్లమాడకు మంచు బాధ లేదు. కరవు బాధ కలదు. అక్కడ చలి చేసిన యేరివేతను ఇక్కడ అనావృష్టి చేయును. అనంతపురపు అడవులలోని నారేపి మొలకను చూడుడు. అది తొలుత వేరును లోతునకు దింపుకొనును. పైకొమ్మ ఎండినను మరల చిగిర్చును. వానలు మెండైన చోటి విత్తునకు అంతటి ఓర్పు ఉండునని నమ్మరాదు.

వేరుసెనగ విత్తు తప్పినచో ఆ యేటి పంటయే పోవును. చెట్టు విత్తు తప్పినచో, పదేండ్లకు వచ్చు పెద్ద కరవులోగాని ఆ సంగతి తెలియదు. అప్పటికి పంచాయతీ సొమ్మును, ఊరివారి శ్రమయు మట్టిపాలగును.

కావున మొక్కలు తెచ్చునపుడు విత్తనము ఏ ప్రాంతపుదో అడుగుడు. మీరే సేకరించునపుడు ఒక్క వేపచెట్టు క్రింద ఏరి తృప్తిపడక, ఎడమెడముగనున్న 25 మంచి చెట్లనుండియైనను ఏరుడు. ఒక్క తల్లి బిడ్డలతోనే తోపు నింపినచో, వానికి పుట్టు విత్తు బలహీనమగును. వేపగింజ కొలది వారములలోనే మొలకశక్తి కోల్పోవును, వెంటనే విత్తుడు. ఎండలు ముదురుచున్న ఈ దినములలో, మనకన్న వేడియగు చోటి విత్తు కొంత కలుపుట మేలని కొందరు శాస్త్రజ్ఞుల అభిప్రాయము.

ఏ విత్తు ఎక్కడిదో, ఎన్నడు నాటితిరో పంచాయతీ పుస్తకమున వ్రాసియుంచుడు. మీ తరువాతి సభ్యులు తోపులో నిలిచిన చెట్లను ఆ పుస్తకముతో సరిచూచి, తాము ఎక్కడి విత్తు తేవలయునో నిర్ణయించుకొందురు.